‘ప్రత్యేకంగా’ అన్న ఒక్క మాట: ఆట సగంలో ఇంజిన్ మారిస్తే ఒప్పందం ఏమవుతుంది?

తూనీగ
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఈ వేదికను చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

హైదరాబాదులో మేం నలుగురం కలిసి ఒక ఆట తయారు చేస్తున్నాం. చెరువులు, తూములు, కాలువల మీద నడిచే పజిల్ ఆట. మూడేళ్ల కిందట ఒక చిన్న సంస్థ దగ్గర గేమ్ ఇంజిన్‌కు, అంటే ఆటను నడిపించే పునాది సాఫ్ట్‌వేర్‌కు, లైసెన్సు తీసుకున్నాం. సంస్థ పేరు ఇక్కడ రాయను. ఏడాదిన్నరగా ఆ ఇంజిన్‌కు కొత్త వెర్షను రాలేదు. కొత్త ఫోన్లలో మా నీటి షేడర్లు, అంటే నీటిని తెర మీద గీసే చిన్న ప్రోగ్రాములు, పని చేయడం లేదు. ఎన్నిసార్లు అడిగినా జవాబు లేదు. చివరికి గత నెల, గోడో అనే మరో ఇంజిన్‌కు మారుతున్నామని వాళ్లకు ఉత్తరం రాశాం. నాలుగు రోజుల్లో తిరుగు ఉత్తరం వచ్చింది. ఇంజిన్ మార్చే హక్కు మాకు లేదట, మేం ఒప్పందాన్ని ఉల్లంఘించామట.

వాళ్లు చూపిస్తున్న వాక్యం ఇంగ్లీషులో ఉంది. దాని సారం ఇది: ‘ఈ ఇంజిన్‌ను ఈ ఆటలో ప్రత్యేకంగా వాడుకునే హక్కును లైసెన్సుదారుకు ఇస్తున్నాం.’ ఇందులో ‘ప్రత్యేకంగా’ అంటే వేరే ఇంజిన్ ముట్టుకోకూడదని అర్థమట. స్టార్ సిటిజన్ అనే అంతరిక్ష ఆట విషయంలో ఇలాంటి తగవే కోర్టుకెక్కిందని మా ప్రోగ్రామర్ చెప్పాడు. ఆ కేసు ఎటు తేలింది? మూడేళ్ల కష్టం ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. నాకు నిద్ర పట్టడం లేదు. తెలిసినవారు వివరంగా చెప్పండి.


న్యాయపాఠకుడు
సోమవారం, రాత్రి 10:55

తూనీగ గారూ, నేను వృత్తిరీత్యా న్యాయవాదినే. అయినా మీ ఒప్పందం చూడకుండా మీకు సలహా ఇవ్వడం తప్పు. ఆ కేసు పత్రాలను మాత్రం అవి దాఖలైన రోజుల్లోనే చదివాను, అదంతా చెప్పగలను.

వింగ్ కమాండర్ ఆటలు చేసిన క్రిస్ రాబర్ట్స్ 2012 అక్టోబరులో స్టార్ సిటిజన్ కోసం జనం నుంచి చందాలు సేకరించడం మొదలుపెట్టారు. ఆయన సంస్థ పేరు క్లౌడ్ ఇంపీరియం గేమ్స్. దాన్ని అందరూ సీఐజీ అంటారు. అదే ఏడాది నవంబరు 20న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌కు చెందిన క్రైటెక్‌తో లైసెన్సు ఒప్పందం కుదిరింది. ఇంజిన్ పేరు క్రై ఇంజిన్. చందాల సమయంలో చూపించిన నమూనాల తయారీలో తామూ చెయ్యి వేశామని, తమ లోగో చూపిస్తామని, ఇంజిన్‌కు చేసే మెరుగులు తమకూ ఇస్తామని సీఐజీ మాట ఇచ్చినందుకే ధర తగ్గించామని క్రైటెక్ తరవాత కోర్టుకు చెప్పింది.

2016 డిసెంబరు 23న రాబర్ట్స్ ఒక ప్రకటన చేశారు. ఆట ఇకపై అమెజాన్ వారి లంబర్‌యార్డ్ ఇంజిన్ మీద నడుస్తుందని దాని సారాంశం. ఏడాది తిరగకముందే, 2017 డిసెంబరు 12న, కాలిఫోర్నియా సెంట్రల్ డిస్ట్రిక్ట్ ఫెడరల్ కోర్టులో క్రైటెక్ దావా వేసింది. ఒప్పంద ఉల్లంఘన ఒకటి, కాపీరైటు ఉల్లంఘన రెండు.

ఇప్పుడు మీ మాట దగ్గరికి వస్తాను. ఆ ఒప్పందంలో 2.1.2 నిబంధన ఉంది. క్రై ఇంజిన్‌ను ఆటలో ‘ప్రత్యేకంగా’ పొదిగే హక్కు సీఐజీకి ఇస్తున్నట్టు అందులో రాసుకున్నారు. మీ వాక్యానికి ఇది అన్నదమ్ముల వరస. అది తమ ఇంజిన్ తప్ప మరొకటి వాడకూడదన్న కట్టుబాటు అని క్రైటెక్ వాదించింది. అది తమకు ఇచ్చిన హక్కే గానీ తమ మీద పెట్టిన బాధ్యత కాదని, హక్కున్నవాడు దాన్ని వాడుకోవచ్చు, మానుకోవచ్చునని సీఐజీ వాదించింది.

ఇంగ్లీషులో ఆ మాట ఎటు వాలుతుందో పట్టుకోవడం కష్టం. తెలుగులో ఈ చిక్కు రాదు. ‘ఏ’ అన్న ఒక్క అక్షరం ఎక్కడ చేరితే అర్థం అక్కడ నిలుస్తుంది. ‘ఈ ఆటలో ఈ ఇంజిన్‌నే వాడాలి’ అంటే మరో ఇంజిన్‌కు చోటు లేదు. ‘ఈ ఇంజిన్‌ను ఈ ఆటలోనే వాడాలి’ అంటే అదే లైసెన్సుతో రెండో ఆట చేయకూడదు. ‘ఈ ఆటలో ఈ ఇంజిన్‌ను వాడే హక్కు మీకే’ అంటే మూడో మనిషికి ఆ హక్కు ఇవ్వరు. ఇవి మూడు వేర్వేరు ఒప్పందాలు. క్రైటెక్ మొదటిదాన్ని పట్టుకుంది, సీఐజీ మూడోదాన్ని పట్టుకుంది. మీ వాక్యాన్ని కూడా ఈ మూడు విధాలుగా తెలుగులో రాసి చూడండి. మిగతా ఒప్పందం ఏ అర్థాన్ని బలపరుస్తోందో మీకే కనబడుతుంది.


నక్షత్రవీధి
మంగళవారం, ఉదయం 7:15

న్యాయపాఠకుడు గారు చెప్పింది నిజమే, కానీ కథలో ఒక ముఖ్యమైన ముక్క తప్పిపోయింది. నేను టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఉంటాను. 2013లో స్టార్ సిటిజన్‌కు చందా కట్టినవారిలో నేనూ ఒకణ్ణి. చిన్నప్పుడు గుంటూరులో మా బాబాయి కంప్యూటర్ మీద వింగ్ కమాండర్ ఆడిన పిల్లవాణ్ణి, ఆ అభిమానంతో కట్టాను.

2016లో క్రైటెక్ పరిస్థితి ఏమిటో గుర్తు చేసుకోండి. ఉద్యోగులకు నెలల తరబడి జీతాలు ఆలస్యమయ్యాయి. ఆ డిసెంబరు 20న బుడాపెస్ట్, సోఫియా, సియోల్, షాంఘై, ఇస్తాంబుల్ శాఖలను వదులుకుంటున్నామని, ఫ్రాంక్‌ఫర్ట్, కీవ్ మాత్రమే ఉంచుకుంటామని వాళ్లే ప్రకటించారు. మూడు రోజుల తరవాత సీఐజీ ప్రకటన వచ్చింది. క్రై ఇంజిన్‌ను తమ చేతులతో రాసిన ఇంజినీర్లు ఎందరో అప్పటికే ఫ్రాంక్‌ఫర్ట్‌లోని సీఐజీ కార్యాలయంలో చేరిపోయారు. పడవకు చిల్లు పడిందని తెలిసినా అందులోనే కూర్చోవాలని ఏ ఒప్పందమూ అడగలేదు. లక్షల మంది డబ్బు పెట్టిన ఆట అది. దాన్ని కాపాడుకోవడం రాబర్ట్స్ బాధ్యత. తూనీగ గారి పరిస్థితీ అచ్చం ఇదే.


సీతాకోక
మంగళవారం, ఉదయం 8:02

నేను బొమ్మలు గీసే మనిషిని, నాకు ఒక చిన్న సందేహం. మా చోట యూనిటీ ఇంజిన్ నుంచి అన్‌రియల్ ఇంజిన్‌కు మారినప్పుడు ఎనిమిది నెలలు పట్టింది. మెటీరియళ్లన్నీ మళ్లీ మొదటి నుంచి చేసుకున్నాం. స్టార్ సిటిజన్ అంత పెద్ద ఆటను మార్చడానికి ఎన్నేళ్లు పట్టింది?


ఇంజిన్‌గది
మంగళవారం, ఉదయం 9:30

సీతాకోక గారూ, రాబర్ట్స్ చెప్పినదాని ప్రకారం ఇద్దరు ఇంజినీర్లు, ఒక రోజు అటూ ఇటుగా. నమ్మశక్యంగా లేదు కదూ? కానీ కారణం తెలిస్తే ఆశ్చర్యం ఉండదు, ఈ కేసు మొత్తానికి మూలమూ అదే.

లంబర్‌యార్డ్ అమెజాన్ మొదటి నుంచి రాసుకున్న ఇంజిన్ కాదు. అమెజాన్ క్రైటెక్ దగ్గర క్రై ఇంజిన్ కోడును లైసెన్సు మీద కొని, దాన్ని తన దారిలో మార్చుకుని 2016 ఫిబ్రవరిలో లంబర్‌యార్డ్ పేరుతో విడుదల చేసింది. సీఐజీ 2015 చివరి నుంచే క్రైటెక్ కొత్త బిల్డులు (ఇంజిన్ తాజా రూపాలు) తీసుకోవడం మానేసింది. అమెజాన్ కూడా దాదాపు ఆ బిల్డు దగ్గరే విడిపోయింది. రెండు ఇళ్లూ ఒకే పునాది మీద లేచాయి. సీఐజీ అప్పటికే 64 బిట్ల నిర్దేశాంకాలతో సహా లోపల ఎంతో మార్చేసుకుంది. అంతరిక్షమంత పెద్ద మ్యాపు మామూలు క్రై ఇంజిన్‌లో పట్టదు. కాబట్టి ఈ ‘మార్పు’లో కొత్తగా రాసిన కోడు చాలా తక్కువ. ఎవరి లైసెన్సు కింద ఉన్నారన్నదే ప్రధానంగా మారింది.

తూనీగ గారు చెరువుల ఆట చేస్తున్నారు కనుక ఆ లెక్కలోనే చెబుతాను. చెరువు ఒకటే, తూములు రెండు. మా తూము నుంచే నీళ్లు తోడుకుంటున్నారు, మా షరతులు పాటించండి అని క్రైటెక్ అంటుంది. మేం అమెజాన్ తూము దగ్గర అనుమతి తీసుకున్నాం, ఆ అమెజాన్‌కు నీళ్లు అమ్మింది మీరే అని సీఐజీ అంటుంది. బకెట్టులోని నీళ్లను చూసి ఏ తూమువో ఎవరు చెప్పగలరు?


సీతాకోక
మంగళవారం, ఉదయం 9:41

ఇప్పుడు అర్థమైంది. ధన్యవాదాలండీ.


న్యాయపాఠకుడు
మంగళవారం, మధ్యాహ్నం 1:20

నక్షత్రవీధి గారూ, మీ అభిమానం నాకు అర్థమవుతుంది. కానీ క్రైటెక్ కష్టాల్లో ఉండటం వేరు, ఒప్పందం చెల్లకపోవడం వేరు. అవతలివాడు బలహీనపడ్డాడని మన సంతకం చెరిగిపోదు. పైగా క్రైటెక్ ఫిర్యాదు ఇంజిన్ మార్పు గురించి మాత్రమే కాదు. మిగతా అభియోగాలు నా దృష్టిలో ఇంకా గట్టివి.

ఆట తెరచినప్పుడు కనిపించాల్సిన క్రై ఇంజిన్ లోగోను, కాపీరైటు ప్రకటనను తీసేశారన్నది ఒకటి. ఒప్పందం ప్రకారం పంచుకోవలసిన సవరణలను, మెరుగులను ఇవ్వలేదన్నది మరొకటి. ‘బగ్‌స్మాషర్స్’ అనే యూట్యూబ్ వీడియోల్లో దోషాలు సరిదిద్దుతూ ఇంజిన్ సోర్సు కోడును తెర మీద చూపించారన్నది ఇంకొకటి. ఆటగాడి ముఖకవళికలను పాత్ర ముఖం మీదికి తెచ్చేందుకు ఫేస్‌వేర్ సంస్థతో కలిసి పనిచేస్తూ అనుమతి లేకుండా వాళ్లకు కోడు అందించారన్న ఆరోపణ కూడా చేర్చారు.

అన్నిటికన్నా బరువైనది స్టార్ సిటిజన్‌కు అనుబంధమైన ఆట స్క్వాడ్రన్ 42 సంగతి. లైసెన్సు ‘ఆట’కు ఇచ్చారు. ఆ ఆట అంటే ఏమిటో ఒప్పందంలో రెండు చోట్ల ఉంది. మొదటి పేజీలో ప్రధాన ఆటను, దానికి అనుబంధమైన స్క్వాడ్రన్ 42ను కలిపి ‘ఆట’ అన్నారు. అనుబంధ పత్రంలోనేమో, ప్రధాన ఆట ద్వారా కాకుండా విడిగా అమ్మే సరుకు ‘ఆట’ కిందికి రాదన్నారు. 2016 ఫిబ్రవరిలో సీఐజీ స్క్వాడ్రన్ 42ను విడిగా అమ్మడం మొదలుపెట్టింది. ఒక లైసెన్సుతో రెండు ఆటలు అమ్ముతున్నారని క్రైటెక్ ఎదురు తిరిగింది.

2018 జనవరిలో సీఐజీ ఆ ఒప్పందాన్నే కోర్టు ముందు పెట్టి దావా కొట్టేయమంది. మాకు ఆ పత్రం చదివే అవకాశం కలిగింది అందుకే. ఆగస్టులో న్యాయమూర్తి డాలీ గీ కొంత ఒప్పుకున్నారు, కొంత ఒప్పుకోలేదు. శిక్షగా అదనపు పరిహారం కావాలన్న కోరికను తీసేశారు. స్క్వాడ్రన్ 42 అభియోగం నిలిచింది. తరవాత క్రైటెక్ 2.4 నిబంధన ఎత్తుకుంది. క్రై ఇంజిన్‌కు పోటీ వచ్చే ఇంజిన్‌ను తయారు చేయడం, అమ్మడం, ప్రచారం చేయడం వంటి వ్యాపారంలో దిగకూడదని అందులో ఉంది. లంబర్‌యార్డ్‌ను పొగడటం కూడా ప్రచారమేనన్నది వాళ్ల వాదన. 2018 డిసెంబరులో ఆ అభియోగం వీగిపోయింది.

తూనీగ గారూ, మీ ఒప్పందంలో ‘ఆట’కు నిర్వచనం ఎన్ని చోట్ల ఉందో ఇవాళే లెక్కపెట్టండి.


నక్షత్రవీధి
మంగళవారం, రాత్రి 8:10

లోగో విషయంలో మీతో ఏకీభవిస్తాను. స్క్వాడ్రన్ 42 విషయంలో ఒప్పుకోను. ఒప్పందం మొదటి పేజీలోనే ఆ పేరు స్పష్టంగా ఉన్నప్పుడు, ఎక్కడో చివరి అనుబంధంలోని వాక్యంతో దాన్ని తోసిపుచ్చడం ఏం న్యాయం? పైగా 2020 జనవరిలో క్రైటెక్ ఏం చేసింది? తన కేసును తానే వెనక్కి తీసుకుంటానని కోర్టును అడిగింది.


న్యాయపాఠకుడు
మంగళవారం, రాత్రి 9:05

పూర్తిగా వదులుకుంటానని అడగలేదండీ. స్క్వాడ్రన్ 42 ఇంకా విడుదల కాలేదు కాబట్టి ఇప్పటికి ఉపసంహరించుకుని, విడుదలయ్యాక మళ్లీ వేసే హక్కు ఉంచమని అడిగింది. ఆ దరఖాస్తులో ఒక విచిత్రమైన వాదన ఉంది. లంబర్‌యార్డ్‌కు మారామని సీఐజీ లోకానికి చాటిందని, విచారణలోకి వచ్చాక అసలు అలాంటి మార్పేదీ జరగలేదని ఒప్పుకోవలసి వచ్చిందని క్రైటెక్ రాసింది. మొదట ‘మారారు, తప్పు’ అన్నవాళ్లు చివరికి ‘మారలేదు, తప్పు’ అన్నారు. ఇంజిన్‌గది గారి రెండు తూముల మాట ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

సీఐజీ దీన్ని గట్టిగా ఎదిరించింది. అమెజాన్ తమకిచ్చిన లైసెన్సులో క్రై ఇంజిన్ కోడు కూడా ఉందని, దావా వేసేముందు అమెజాన్‌ను ఒక్క మాట అడిగి ఉంటే క్రైటెక్‌కు తెలిసిపోయేదని జవాబు దాఖలు చేసింది. అంతకుముందే, 2019లో, క్రైటెక్ విదేశీ సంస్థ కాబట్టి ఓడితే ఖర్చులు రాబట్టడం కష్టమని సీఐజీ 20 లక్షల డాలర్లకు పైగా పూచీ అడిగితే, కోర్టు 5 లక్షల డాలర్లు కట్టించింది.

2020 ఫిబ్రవరిలో రాజీ కుదిరిందని ఇద్దరూ కోర్టుకు తెలిపారు. షరతులు రహస్యం. మార్చి నాటికి కేసు ముగిసింది. కాబట్టి ‘ప్రత్యేకంగా’ అన్న మాటకు విచారణ ముగిసి తుది తీర్పు రావడమన్నది జరగనే లేదు. తూనీగ గారికి ఎదురుగా ఉన్నవాళ్లు ‘స్టార్ సిటిజన్ కేసు చూడండి’ అంటే, ఆ కేసు వాళ్లకు ఆసరా కాదని ధైర్యంగా చెప్పవచ్చు. మీకు కూడా ఆసరా కాదు.


పాతకాపు
మంగళవారం, రాత్రి 10:30

ఇంజిన్ మార్పు తగవుల్లో స్టార్ సిటిజన్‌ది రాజీతో పోయింది. నిజంగా భయపడవలసిన కేసు ఇంకొకటి ఉంది. అది ఇక్కడ చెప్పకపోతే తూనీగ గారికి సగమే చెప్పినట్టు.

కెనడాలో సిలికాన్ నైట్స్ అనే సంస్థ ఉండేది. టూ హ్యూమన్ అన్న ఆటకు ఎపిక్ గేమ్స్ వారి అన్‌రియల్ ఇంజిన్ 3కి లైసెన్సు తీసుకుంది. సరిగా పని చేసే ఇంజిన్‌ను ఎపిక్ సమయానికి ఇవ్వలేదని, తన సొంత ఆట గేర్స్ ఆఫ్ వార్ మీదే దృష్టి పెట్టిందని ఆరోపిస్తూ 2007 జులైలో నార్త్ కరోలైనాలో దావా వేసింది. ఇక అన్‌రియల్ వద్దని, తమ ఇంజిన్ తామే రాసుకుంటున్నామని చెప్పింది. మీలాగే, ఇంజిన్ ఇచ్చినవాడి వల్ల నష్టపోయామన్న బాధ వాళ్లది.

మరుసటి నెలలోనే ఎపిక్ ఎదురు దావా వేసింది. మీ సొంత ఇంజిన్ అంటున్నది మా కోడేనన్నది దాని మాట. కోడు తెరిచి చూశారు. వేల వరుసలు యథాతథంగా ఉన్నాయి. ఎపిక్ ప్రోగ్రామర్లు తమ కోసం రాసుకున్న వ్యాఖ్యలు, వాటిలోని అక్షరదోషాలతో సహా ఉన్నాయి. ఎపిక్ కాపీరైటు ప్రకటనలు మాత్రం తీసేసి ఉన్నాయి.

2012 మే నెలలో జ్యూరీ సిలికాన్ నైట్స్ దావాను తోసిపుచ్చి, ఎపిక్‌కు 44.5 లక్షల డాలర్లు ఇవ్వాలంది. నవంబరులో న్యాయమూర్తి జేమ్స్ డెవర్ ఖర్చులన్నీ కలిపి ఆ మొత్తాన్ని రెట్టింపుకు మించి పెంచారు. ఆ కోడున్న ఆటల అమ్ముడుపోని ప్రతులన్నిటినీ వెనక్కి తెప్పించి నాశనం చేయమన్నారు. టూ హ్యూమన్, ఎక్స్‌మెన్ డెస్టినీ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. ఇంకా పూర్తికాని ఆటల కోడు కూడా నాశనం చేయాల్సి వచ్చింది. 2014లో అప్పీలు కోర్టు దాన్నే సమర్థించింది. అదే ఏడాది సంస్థ దివాలా తీసింది.

ఆ ఆటల మీద బొమ్మలు గీసినవాళ్లు, సంగీతం కట్టినవాళ్లు ఏ కోడూ దొంగిలించలేదు. వాళ్ల పని కూడా ఆ డిస్కులతోనే పోయింది. ఈ కేసు తలుచుకున్నప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు.


తూనీగ
మంగళవారం, రాత్రి 11:48

పాతకాపు గారూ, మీ టపా చదివాక లేచి కార్యాలయానికి వెళ్లాను. ఇప్పుడే తిరిగి వచ్చాను.

మా కొత్త ప్రాజెక్టులో నీటి ప్రవాహాన్ని లెక్కించే ఒక ఫైలు ఉంది. అది మేం రాసుకున్నదే అనుకున్నాను. పాత ఇంజిన్ సోర్సుతో పక్కపక్కన పెట్టి చూశాను. సగానికి పైగా ఒకటే. చరరాశుల పేర్లు కూడా మార్చలేదు. మా ప్రోగ్రామర్‌ను ఫోనులో అడిగాను. తొందరలో తెచ్చి పెట్టుకున్నానని, తరవాత తిరగరాద్దామనుకుని మరచిపోయానని చెప్పాడు. అతడు దురుద్దేశంతో చేసిన పని కాదు. కానీ ఈ మాట కోర్టులో ఎవరు వింటారు? ఇప్పుడు నేనేం చేయాలి?


ఇంజిన్‌గది
బుధవారం, ఉదయం 6:20

ముందుగా, ఆట ఇంకా విడుదల కాలేదు. అది మీ అదృష్టం. కంగారుపడి ఆ ఫైలును చెరిపేసి, చరిత్రలో ఆనవాలు లేకుండా చేయకండి. చెరిపినవాడే దొంగలా కనిపిస్తాడు. న్యాయవాదికి చూపించేవరకు పాత రిపాజిటరీని, అంటే కోడును దాని మార్పుల చరిత్రతో దాచే చోటును, అలాగే తాళం వేసి ఉంచండి. కొత్త రిపాజిటరీ వేరే మొదలుపెట్టండి.

ఆ ఫైలును ఎవరు తిరగరాస్తారన్నది ముఖ్యం. పాత ఇంజిన్ సోర్సు ఎప్పుడూ తెరవని మనిషి రాయాలి. చూసిన మనిషి ‘నీరు ఈ గడిలోకి ఇంత వస్తే పక్క గడికి ఇంత పోవాలి’ అని ఏం జరగాలో మాత్రమే కాగితం మీద రాసి ఇవ్వాలి, ఎలా రాయాలో చెప్పకూడదు. రెండోవాళ్లు ఆ కాగితం చూసి సొంతంగా కట్టుకోవాలి. ఆ కాగితం మీద తేదీ వేసి దాచండి. ఆలోచన ఎవరి సొత్తూ కాదు, రాసిన వరుసలకే కాపీరైటు.

మీ సొంత బొమ్మలు, శబ్దాలు, లెవెళ్ల డిజైన్లు మీవే. కానీ పాత ఇంజిన్‌తో పాటు వచ్చిన నమూనా మెటీరియళ్లు, ఫాంట్లు, ఉచిత షేడర్లు ఏవైనా మీ ఆటలో కలిశాయేమో చూడండి. ‘ఈ ఇంజిన్‌తో మాత్రమే వాడాలి’ అన్న షరతు వాటికి తరచుగా ఉంటుంది. ఎక్కువమంది పట్టుబడేది అక్కడే.


వేసవిగాలి
బుధవారం, ఉదయం 10:12

కొందరు ఇక్కడ ‘ఒప్పందం చదవకుండా సంతకం చేస్తే ఇంతే’ అన్నట్టు మాట్లాడతారని ముందే చెబుతున్నాను. చదివినా ఫలితం లేని రోజులు మేం చూశాం.

2023 సెప్టెంబరు 12న యూనిటీ ఒక ప్రకటన చేసింది. 2024 జనవరి 1 నుంచి, ఒక స్థాయి దాటిన ఆటలకు ప్రతి ఇన్‌స్టాలుకూ రుసుము. పర్సనల్ లైసెన్సువారికి 2 లక్షల డాలర్ల ఆదాయం, 2 లక్షల ఇన్‌స్టాళ్లు దాటితే ఒక్కోదానికి 20 సెంట్లు. ఎప్పుడో విడుదలైన ఆటలకూ వర్తిస్తుందన్నారు. 2019లో ఇంకో గొడవ జరిగినప్పుడు, మీరు వాడుతున్న వెర్షను నాటి షరతులే మీకు చెల్లుతాయని యూనిటీయే మాట ఇచ్చింది. ఆ షరతుల మార్పులు అందరికీ కనబడేలా గిట్‌హబ్ అనే కోడు పంచుకునే సైటులో పెట్టింది. ఆ రిపాజిటరీయే కనబడకుండా పోయింది.

పది రోజుల్లో యూనిటీ చాలావరకు వెనక్కి తగ్గింది. అక్టోబరులో దాని అధిపతి జాన్ రికిటెల్లో తప్పుకున్నారు. సరిగ్గా ఏడాదికి, 2024 సెప్టెంబరు 12న, ఆ రుసుమును పూర్తిగా రద్దు చేశారు. కానీ ఆ పది రోజుల్లో పోయిన నమ్మకం తిరిగి రాలేదు. స్లే ద స్పైర్ చేసినవాళ్లు రెండో భాగాన్ని గోడోకు మార్చారు. టెరేరియా చేసిన రీ-లాజిక్, తాను యూనిటీ పెద్దగా వాడకపోయినా, గోడోకు లక్ష డాలర్లు, ఎఫ్ఎన్ఏ అనే మరో ఉచిత ఆటల సాధనానికి లక్ష డాలర్లు ఇచ్చింది.

తూనీగ గారు గోడో ఎంచుకోవడం మంచి నిర్ణయం. దాని ఎంఐటీ లైసెన్సు ఒక పేజీ కూడా ఉండదు. కాపీరైటు ప్రకటనను, ఆ లైసెన్సు పాఠాన్ని ఆటతో పాటు ఉంచితే చాలు. రేపు గోడో బృందం మనసు మారినా, ఇవాళ మీ చేతిలో ఉన్న వెర్షనుకు ఈ షరతులే. లంబర్‌యార్డ్ కూడా చివరికి ఆ దారికే వచ్చింది. 2021లో అమెజాన్ దాన్ని ఓపెన్ 3డీ ఇంజిన్‌గా లినక్స్ ఫౌండేషన్‌కు అప్పగించింది.


నక్షత్రవీధి
బుధవారం, ఉదయం 11:05

నిన్న ఉదయం నేను ‘తూనీగ గారి పరిస్థితీ అచ్చం ఇదే’ అని రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. సీఐజీ వెనక అమెజాన్ లైసెన్సు ఉంది. తూనీగ గారి వెనక అలాంటి రెండో తూము లేదు. నా మాట విని ఎవరైనా ధైర్యం చేస్తే నష్టపోతారు.


న్యాయపాఠకుడు
బుధవారం, మధ్యాహ్నం 2:35

నక్షత్రవీధి గారూ, ఈ మాట మీరే చెప్పినందుకు చాలా సంతోషం.

తూనీగ గారికి మన చట్టం గురించి రెండు మాటలు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 27వ సెక్షను ప్రకారం ఎవరినైనా న్యాయమైన వృత్తి, వ్యాపారం చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. ఇది చదివి చాలామంది సంబరపడతారు. కానీ 1995లో గుజరాత్ బాట్లింగ్, కోకాకోలా కేసులో సుప్రీంకోర్టు ఒక తేడా చూపింది. ఒప్పందం అమల్లో ఉన్న కాలంలో పాటించాల్సిన కట్టుబాట్లు సాధారణంగా ఈ సెక్షను కిందికి రావు. అందుకే మీ ఒప్పందం గడువు ఎప్పటివరకు, నోటీసు ఇచ్చి బయటికి వచ్చే దారి ఉందా అన్నవి ‘ప్రత్యేకంగా’ అన్న మాటకన్నా ముఖ్యమైన ప్రశ్నలు.

కోడు విషయంలో ఇంజిన్‌గది గారు చెప్పింది తు.చ. తప్పకుండా పాటించండి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాము సాహిత్య కృతి కిందే లెక్క. ఒప్పందం రద్దయినా ఆ హక్కు రద్దు కాదు.

ఇంకొకటి. వాళ్లు ఏడాదిన్నరగా వెర్షను ఇవ్వలేదన్నారు. ఇవ్వాలని ఒప్పందంలో ఎక్కడైనా ఉందా? మీరు అడిగిన ప్రతి ఈమెయిలూ తేదీల వారీగా ఒక చోట పెట్టండి. ఆధారాలు పెట్టుకుని గెలవలేకపోయిన కేసులు ఉన్నాయి గానీ, ఆధారాల్లేకుండా గెలిచిన కేసు నేను చూడలేదు.


నిర్వాహకులు
బుధవారం, సాయంత్రం 5:00

ఈ చర్చలో తూనీగ గారి ఇంజిన్ సంస్థ ఏదై ఉంటుందని ఊహిస్తూ వచ్చిన రెండు టపాలను తొలగించాం. దయచేసి పేర్లు ఊహించకండి. అది తూనీగ గారికే చిక్కు తెస్తుంది.


తూనీగ
ఆదివారం, రాత్రి 8:25

నాలుగు రోజులు ఇటు రాలేకపోయాను, క్షమించండి.

బంజారాహిల్స్‌లో ఒక న్యాయవాది దగ్గర కూర్చుని ఒప్పందం మొత్తం చదివాం. 31 పేజీలు. మూడేళ్ల కిందట నేను చదివింది 4 పేజీలు. ‘ప్రత్యేకంగా’ అన్న వాక్యం ‘హక్కుల మంజూరు’ అన్న శీర్షిక కింద ఉంది. ‘లైసెన్సుదారు బాధ్యతలు’ అన్న వేరే విభాగం 9వ పేజీలో ఉంది, అందులో వేరే ఇంజిన్ వాడకూడదన్న మాట ఎక్కడా లేదు. న్యాయపాఠకుడు గారి మూడు తెలుగు వాక్యాలు ఆవిడకు చూపించాను. ఒప్పందంలోని మిగతా నిబంధనలన్నీ రెండో వాక్యానికే సరిపోతున్నాయని ఆవిడ అన్నారు. అంటే ఈ లైసెన్సుతో మరో ఆట చేయకూడదన్నమాట. అది మేం చేయలేదు.

22వ పేజీలో, 60 రోజుల నోటీసుతో ఎవరైనా ఒప్పందం ముగించవచ్చని ఉంది. మేం రాసిన మొదటి ఉత్తరం ఆ నిబంధనను పేర్కొనలేదు, అందుకే అది నోటీసు కిందికి రాదట. శుక్రవారం కొత్త నోటీసు పంపాం. ప్రవాహం ఫైలు సంగతి దాచలేదు. ఒక అంతర్గత నమూనాలో మీ కోడు కలిసింది, దాన్ని తొలగించి వేరే మనిషితో కొత్తగా రాయిస్తున్నాం అని తేదీలతో సహా రాశాం. దాచిపెడదామని మాలో ఒకరు గట్టిగా వాదించారు. పాతకాపు గారి టపా చదివి వినిపించాను.

ఈ మధ్యాహ్నం ఫోను చేశారు. గొంతులో కోపం లేదు. అక్కడ ఇప్పుడు ఇద్దరే మిగిలారట. పాత బకాయి చెల్లించి, సోర్సు ప్రతులన్నీ నాశనం చేసినట్టు ధ్రువపత్రం ఇస్తే, 60 రోజులు పూర్తయ్యాక ఎలాంటి క్లెయిమూ ఉండదని రాసిస్తామన్నారు. నిజానికి వాళ్ల మీద నాకున్న కోపం కూడా ఆ ఫోనుతో సగం తగ్గింది.


న్యాయపాఠకుడు
ఆదివారం, రాత్రి 9:10

మంచి కబురు. సంతకానికి ముందు ధ్రువపత్రంలో ‘ప్రతులన్నీ’ అన్న మాట దగ్గర ఆగండి. అందులో బ్యాకప్ డిస్కులు, పాత ల్యాప్‌టాప్‌లు, ఉద్యోగం మానేసినవాళ్ల దగ్గర మిగిలినవి కూడా వస్తాయి. ఏ ఒక్కటి మిగిలినా మీ సంతకం అబద్ధమవుతుంది. ఇంకో సంగతి, వాళ్లు లిఖితపూర్వకంగా ఒప్పుకునే వరకు మొదటి రిపాజిటరీని నాశనం చేయకండి.


తూనీగ
ఆదివారం, రాత్రి 9:32

బ్యాకప్ డిస్కులు రెండు ఉన్నాయి. ఒకటి కార్యాలయంలో. ఇంకొకటి ఖమ్మంలో మా అమ్మ ఇంట్లో, బీరువాలో. శనివారం వెళ్లి తెస్తాను.